గాలి తాగే చోటు

చేపని పట్టడం కాదే ముందు,
అది గాలి తాగే చోటు పట్టుకో అనేవాడు
లాకు లస్కరు ఏసుపాదం మావ.

కొరమీనుకి నీళ్లొక్కటే చాలవు.
పైకొచ్చి ఓ గుక్క గాలి మింగి పోవాలి.
గుక్కకీ గుక్కకీ మధ్య
చుట్ట పొగ బిగపట్టి లెక్కపెట్టేవాడు మావ.
ఎండల్లో తొంభై, మబ్బుల్లో నూట యాభై,
చలిలో లెక్క మరిచిపోయేదాకా.

రోహిణి కార్తె. కాలవ కట్టేసి ఇరవై రోజులు.
లాకు తలుపుల కింద బురద
అప్పడాల్లా పగిలి అంచులు లేపింది.
గేదెలు పొర్లి లేచిన గుంటలో
చారెడు నీళ్లు, టీ రంగులో.
ఊరంతా ఊతలేసి వెతుక్కుని పోయాక
మావ ఒట్టి కాళ్లతో దిగి
మడమతో అడిగేవాడు బురదని.
మెత్తగా ఉంటే మట్టి.
మెత్తగా ఉండి కోపంగా కూడా ఉంటే కొరమీను.

మృగశిరకి ధవళేశ్వరంలో తలుపులెత్తేవారు.
నురగనీ, ఎండు తాటాకుల్నీ,
ఎవరిదో ఒంటి చెప్పునీ ముందు తోసుకుంటూ
కొత్త నీరు వచ్చేది.
ఆ రాత్రి చేపలకి కాళ్లొస్తాయి.
కాలవలోంచి బోదెలోకి, బోదెలోంచి ఆకుమళ్లలోకి
ఎదురెక్కుతూ పోతాయి.
టార్చి పట్టుకున్నది నేనే.
తడిగడ్డి మీద పాకుతున్నదాన్ని చూసి
పామో అని అరిచాను.
మావ నవ్వలేదు.
"అదీ నిన్ను చూసి అలాగే అనుకుని ఉంటది" అన్నాడు.

పుబ్బ కార్తెలో వెతకక్కర్లేదు.
గుర్రపుడెక్క పక్కన చాపంత మేర
నీళ్లు ఎసరు కాగినట్టు కుతకుతమంటాయి.
మిరప్పండు రంగు పిల్లలు, వేలకి వేలు,
ఒకే ముద్దగా లేస్తూ, ఒకే ముద్దగా మునుగుతూ.
కింద తల్లి.
కప్పపిల్లని గాలానికి గుచ్చి
ఆ ఎరుపు మధ్యలో దింపితే చాలు,
ఆకలికి కాదు, కోపానికి కరుస్తుంది.
ఏడాది మొత్తంలో ఇంత సుళువైన వేట లేదు.

నేనే దింపాను.
మావ తలుపుల పళ్లచక్రానికి గ్రీజు రాస్తున్నాడు.
కేజీన్నర. వెదురు గెడ విల్లయింది.
గట్టున అది ఎగిరెగిరి పడుతుంటే
నీళ్లలో ఎరుపు ఆగింది.
కాసేపు గుండ్రంగానే ఉంది.
తర్వాత అంచులు చెదిరాయి.
జిలేబీ చేపలొచ్చాయి, పేరుకే తీపి.
పావుగంటలో నీళ్లు మామూలు నీళ్లయిపోయాయి.

మావ ఒక్క మాట అనలేదు.
రాత్రి కూర తిన్నాడు,
పులుసు మారు వేయించుకుని మరీ తిన్నాడు.
తెల్లారేసరికి నా గెడ
లాకు షెడ్డు చూరులో దూర్చి ఉంది,
నా చెయ్యి అందనంత ఎత్తున.
చిత్త కార్తె దాకా దించలేదు.

చలికాలం వేట ముసలివాళ్ల వేట.
తూముకి తూర్పున, ఇటుకలు వెచ్చబడ్డాక కూర్చోవాలి.
కప్ప పనికిరాదు, వానపాము ముక్క చాలు.
జీలుగు బెండు మునగదు, కొంచెం ఒరుగుతుంది,
కునుకుతున్నవాడి తలలాగా.
నిద్దట్లో ఉన్నదాన్ని నిద్దట్లో ఉన్నట్టే లాగాలి.

మావ పోయాక లస్కరు పోస్టులో ఎవరినీ వెయ్యలేదు.
తలుపులు సగం ఎత్తులో తుప్పుపట్టి ఆగిపోయాయి.
అటూ ఇటూ రొయ్యల చెరువులే,
వాటి ఉప్పునీళ్లు రాత్రిళ్లు బోదెలోకి జారుతుంటాయి.
నేనూ రొయ్యల షెడ్డులోనే, తలలు తీసే పని.
ఐసుకి వేళ్లు మొద్దుబారి
ఇంటికెళ్లాక అన్నం వేడి కూడా తెలీదు.

నిన్న షేరాటో టైరు లాకు దగ్గరే పంచరైంది.
దిగి వంతెన పిట్టగోడ మీద మోచేతులు ఆన్చాను.
గుర్రపుడెక్క పక్కన ఓ బుడగ.
బురద గ్యాసే కావచ్చు.
పుబ్బ కార్తె. గెడ ఉన్నా దింపేదాన్ని కాదు.
ఊరికే మొదలెట్టాను, ఒకటి, రెండు...
నూట పన్నెండు దగ్గర
ఎక్కమని హారన్ కొట్టాడు డ్రైవరు.
"ఒక్క నిమిషం ఆగండి బాబూ" అన్నాను
నీళ్ల మీంచి చూపు తియ్యకుండా.